ఇటుక గోడనే సెంట్రింగ్‌గా పెట్టి మధ్యలో కాంక్రీట్ పోస్తే నిలుస్తుందా?

కొత్తిల్లు_అనంతపురం:

అందరికీ నమస్కారం, ఒక డౌటు. బుక్కరాయసముద్రం దారిలో మాకో స్థలం ఉంది, ఇల్లు మొదలుపెట్టాం. రోడ్డు వైపు మట్టంగానే ఉంటుంది కానీ వెనక సందు దగ్గరకు వచ్చేసరికి ఏడడుగులు పల్లం. మట్టి తోలి ఎత్తు చేయాలి కాబట్టి వెనకాల 45 అడుగుల పొడవున ఆర్‌సీసీ రిటైనింగ్ గోడ (మట్టిని ఆపే గోడ) కట్టమని ఇంజనీర్ డ్రాయింగ్ ఇచ్చాడు. పాదం వెడల్పుగా ఉంది, గోడ మందం 8 అంగుళాలు.

చిక్కు సెంట్రింగ్ దగ్గర, అంటే కాంక్రీట్ గట్టిపడే దాకా ఆపే అచ్చు దగ్గర వచ్చింది. ఇక్కడ స్లాబ్‌కి, పిల్లర్లకి అయితే ఎవరైనా వస్తారు, గోడకు రెండు వైపులా ఏడడుగులు షీట్లు నిలబెట్టాలనేసరికి ఒకడు రానన్నాడు, ఇంకొకడు చెప్పిన రేటు వింటే కళ్లు తిరిగాయి. పోనీ ఇచ్చేద్దాం అనుకున్నా, షీట్లు విప్పాక సందు వైపు ఆ బూడిద రంగు గోడ చూడబుద్ధి కాదు. ఇల్లంతా మాలూరు నుంచి వైర్‌కట్ ఇటుక తెప్పించి ప్లాస్టరింగ్ లేకుండా వదిలేస్తున్నాం, గోడ కూడా అలాగే కనపడాలని మా ఆవిడ పట్టు. అంటే షీట్లు పెట్టి, విప్పి, మళ్లీ దాని మీద ఇటుక కట్టాలి, రెండు ఖర్చులు.

అందుకే నా ఆలోచన ఏంటంటే బయట ఒక అర ఇటుక గోడ, లోపల ఒక అర ఇటుక గోడ కట్టేసి, మధ్యలో కమ్మీలు నిలబెట్టి కాంక్రీట్ పోసేస్తే సరిపోదా? ఇటుకలే సెంట్రింగ్, విప్పే పనే లేదు. టెక్సాస్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకును అడిగితే అక్కడి ఇళ్లకు ఇటుక పైపైన కనపడే పొర మాత్రమేనట, లోపల చెక్క ఫ్రేమ్, మధ్యలో ఒక అంగుళం ఖాళీ వదిలి ఇనుప టైలతో కలుపుతారట. దాన్ని కాంక్రీట్‌కు అచ్చులా వాడటం గురించి తనకు తెలియదన్నాడు. మీలో ఎవరైనా చేశారా? ఎంత ఎత్తు ఒకేసారి పోయొచ్చు?


సైట్_ఇంజనీర్_కర్నూలు:

చేయొచ్చు, కానీ మీరు అనుకుంటున్న పద్ధతిలో కాదు. ముందు లెక్క చూడండి, తర్వాత మాట్లాడుకుందాం.

పచ్చి కాంక్రీట్ నీళ్లలాగే పక్కలకు తోస్తుంది, కాకపోతే నీళ్ల కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు. ఏడడుగులూ ఒకే దమ్ములో పోస్తే అడుగున చదరపు అడుగుకు సుమారు 500 కిలోల తోపు వస్తుంది. అర ఇటుక గోడ దాన్ని ఆపుతుందనుకోవడం కల. వైబ్రేటర్ (కాంక్రీట్‌ను కుదిపి దించే మెషీన్) పెట్టగానే పొట్ట వస్తుంది, ఆ తర్వాత ఏ మూలో తెరుచుకుని కాంక్రీట్ అంతా సందులో ఉంటుంది.

అదే ఒక్క అడుగు ఎత్తు మాత్రమే పోస్తే అడుగున తోపు 70 కిలోలు. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. ఎత్తు రెట్టింపు అయితే గోడను వంచే బలం రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు అవుతుంది. కింద పట్టు ఉండి పైన ఊరికే నిలబడ్డ నాలుగున్నర అంగుళాల గోడకు అడుగు కాంక్రీట్ పోస్తే మాలు జాయింట్‌లో చదరపు మిల్లీమీటరుకు 0.05 న్యూటన్ల చిల్లర లాగుడు వస్తుంది. ఇటుక కట్టడాల కోడ్ ఐఎస్ 1905 ప్రకారం ఒకటికి ఐదు మాలుకు అనుమతించేది 0.07. సరే, గట్టెక్కింది. రెండడుగులు పోస్తే అదే లాగుడు 0.43. అనుమతించిన దానికి ఆరు రెట్లు. అది కూడా మాలు పూర్తిగా గట్టిపడ్డాక సంగతి, నిన్న సాయంత్రం కట్టిన గోడకు కాదు.

కాబట్టి ఏ ఆనింపూ లేకుండా అయితే అడుగు, అంటే నాలుగు వరసలు, అంతకు మించి వద్దు. అడుగు దాటాలంటే లోపల టైలు కావాలి, బయట అడ్డపలకలూ వాలు బాదులూ కావాలి.

రెండోది, ఇది ఇంకా ముఖ్యం. రెండు వైపులా ఇటుక వద్దు. బయట, అంటే సందు వైపు మాత్రమే ఇటుక ఉంచండి. మట్టి వైపు మామూలు ఇనుప షీట్లు పెట్టి విప్పేయండి. ఎందుకంటే రిటైనింగ్ గోడలో అసలు పని చేసే మెయిన్ కమ్మీలు ఉండేది మట్టి వైపే. మట్టి గోడను సందులోకి తోస్తుంటే లాగుడు పడేది మట్టి వైపు ముఖం మీద. అక్కడ కాంక్రీట్ సరిగా దిగక తేనెపట్టులా బొక్కలు పడితే, షీటు విప్పగానే కంటికి కనపడుతుంది, వెంటనే సరిచేయొచ్చు. ఇటుక కప్పేస్తే ఆ బొక్క ఎప్పటికీ తెలీదు, నీళ్లు చేరి కమ్మీ తుప్పుపట్టి పదేళ్లకు గోడ వాలినప్పుడు తెలుస్తుంది. రెండు వైపులా ఇటుక వద్దనడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

మీ సెంట్రింగ్ బాధ కూడా దీంతో చాలావరకు తీరుతుంది. ఇక్కడ దొరికే షీట్లు ఎక్కువగా 3 అడుగులు × 2 అడుగులవి. పడుకోబెట్టి వరసగా పెడితే 45 అడుగులకు పదిహేను షీట్లు. రెండడుగులు పోసి, మర్నాడు విప్పి, అవే పైకి జరుపుకుంటూ పోవచ్చు. ఏడడుగులకు నాలుగు పోతలు. పదిహేను షీట్లు ఇవ్వలేని సెంట్రింగ్ వాడు అనంతపురంలో ఉండడు.


ఊరికే_చదివేవాడు:

రోమన్లు ఇదే కదా చేసింది? రోమ్‌లో పాంథియాన్ గోడలు బయటికి ఇటుక, లోపల కాంక్రీట్. రెండు వేల ఏళ్లకు దగ్గరైంది, నిలబడే ఉంది. మన ఇంజనీర్లు ఊరికే భయపెడతారు.


సైట్_ఇంజనీర్_కర్నూలు:

పాంథియాన్ గోడ మందం సుమారు 6 మీటర్లు బాబూ, ఇక్కడ 8 అంగుళాలు. పైగా వాళ్లది మనలా జారుగా కలిపి గుమ్మరించే కాంక్రీట్ కాదు, రాళ్లూ మాలూ పొరలు పొరలుగా చేత్తో పేర్చుకుంటూ ఇటుకతో పాటే పైకి వచ్చారు, లోపల తుప్పుపట్టడానికి కమ్మీ కూడా లేదు. నేను చెబుతున్నది కూడా కొద్దికొద్దిగా పైకి రమ్మనే. దగ్గర ఉదాహరణ కావాలంటే 1935 క్వెట్టా భూకంపం తర్వాత పేరొచ్చిన క్వెట్టా బాండ్ చూడండి, ఇటుకల మధ్య గూళ్లు వదిలి, వాటిలో నిలువు కమ్మీ పెట్టి, వరసలు లేస్తున్నకొద్దీ నింపుకుంటూ రావడమే అది.


బేల్దారి_ప్రొద్దుటూరు:

అన్నా, ఇంజనీర్ సార్ చెప్పింది కరెక్టే, కానీ పనిలో వచ్చే తిప్పలు నేను చెప్తా. మేము సంపులకు బయట వైపు ఇటుక కట్టి లోపల షీట్లు పెట్టి పోయడం మామూలే, అక్కడ ఇటుక వెనక మన్ను ఉంటుంది కాబట్టి అది ఎక్కడికీ పోదు. నీది గాలిలో నిలబడే ఇటుక, పైగా పూత లేకుండా కనపడే ఇటుక. ఈ రెండూ కలిస్తే పని ఓపిగ్గా చేయాలి.

మొదట నిలువు జాయింట్లు. మామూలు గోడలో మావాళ్లు ఇటుక తలకు మాలు కొంచెం రాసి తోసేస్తారు, సగం ఖాళీగానే ఉంటుంది, ప్లాస్టరింగ్‌లో కప్పుకుపోతుంది. ఇక్కడ అలా చేస్తే వైబ్రేటర్ పెట్టిన నిమిషంలో ఆ ఖాళీల్లోంచి సిమెంట్ పాలు చారికలు చారికలుగా ఇటుక ముఖం మీదికి కారతాయి. వెంటనే స్పాంజీతో, నీళ్లతో కడిగితే పోతుంది. భోజనానికి పోయొచ్చి కడుగుదాం అనుకుంటే అది ఇటుకలో దిగిపోయి తెల్ల మచ్చగా ఉండిపోతుంది, ఆ తర్వాత యాసిడ్ పెట్టి రుద్దినా ఇటుక రంగు మారుతుందే తప్ప మచ్చ పూర్తిగా పోదు. పోసే రోజు ఒక మనిషిని ఏ పనీ చెప్పకుండా బయట వైపు బకెట్టూ స్పాంజీ ఇచ్చి నిలబెట్టు, వాడి కూలి దండగ అనుకోకు.

ఇటుక కట్టేటప్పుడు లోపలికి మాలు రాలుతుంది. కింద పాదం మీద కుప్పపడి, కమ్మీల మొదట్లో గట్టిపడిపోతుంది, దాని మీద కాంక్రీట్ పోస్తే అడుగునే అతుకు బలహీనం. అందుకని మొదటి వరసలో అక్కడక్కడా ఇటుక పెట్టకుండా కిటికీలా వదులు. పోసే ముందు పైపుతో నీళ్లు కొట్టి ఆ చెత్తంతా కిటికీల్లోంచి తోసెయ్, అప్పుడు ఇటుక పెట్టి మూసెయ్. లోపల వైపు మాలు పొంగితే అప్పటికప్పుడు తాపీతో గీకేయాలి, లేదంటే అది కమ్మీకి ఆనుకుంటుంది.

ఇటుక తడిపే పని కూడా ఉంది. ఎండాకాలం మన దగ్గర పదకొండింటికే ఇటుక చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. అలాంటి గోడలో పోస్తే కాంక్రీట్‌లో నీళ్లు ఇటుక జుర్రుకుంటుంది, కంకర అక్కడే ఆగిపోతుంది, కిందికి దిగదు. ముందు రోజు సాయంత్రం, పోసే ముందు మళ్లీ బాగా తడుపు, కానీ నీళ్లు అడుగున నిలవకుండా చూసుకో. పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించు.


సైట్_ఇంజనీర్_కర్నూలు:

బేల్దారి అన్న అనుభవం మీద చెబుతున్నాడు, అది మీకు ఏ కోడ్ బుక్కులోనూ దొరకదు. ఒక్క మాట కలుపుతా. కమ్మీలున్న 8 అంగుళాల సందులో 20 ఎంఎం కంకర ఇరుక్కునే ప్రమాదం ఉంది, 12 ఎంఎం వాడండి, మామూలు కంటే కొంచెం జారుగా ఉండాలి. జారుగా అంటే నీళ్లు ఎక్కువ పోయడం కాదు, నీళ్లు పెంచకుండానే జారుగా చేసే ప్లాస్టిసైజర్ మందు కలపండి. గ్రేడు ఎం25కి తగ్గకండి, మట్టి తగిలే గోడకు కాంక్రీట్ కోడ్ ఐఎస్ 456 అడిగేది అంతే, కమ్మీ మీద కవరు, అంటే కమ్మీని కప్పే కాంక్రీట్ మందం, 30 ఎంఎం. ఆ కవరు కాంక్రీట్‌లోనే రావాలి, ఇటుకను కవరు కింద లెక్కేయకూడదు.


కొత్తిల్లు_అనంతపురం:

అందరికీ థ్యాంక్స్, ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. ఒక వైపే ఇటుక అన్నది నాకు నచ్చింది, మట్టి వైపు ఎలాగూ ఎవరూ చూడరు. ఇంకొన్ని అడుగుతా, విసుక్కోకండి.

ఒకటి, బయట నాలుగున్నర అంగుళాల ఇటుక ఎలాగూ వస్తోంది కాబట్టి కాంక్రీట్ మందం 8 నుంచి 6కి తగ్గించొచ్చా? రెండు, ఆ టైలు అంటే ఏంటి, ఎక్కడ దొరుకుతాయి? మూడు, మా పక్క సైట్ ఆయన ఇటుకకూ కాంక్రీట్‌కూ పడదు, రెండేళ్లకు విడిపోతుంది అంటున్నాడు, నిజమేనా? ఇది విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.


సైట్_ఇంజనీర్_కర్నూలు:

మందం తగ్గించకండి. ఇటుక పొర మీకు అచ్చు, అందం, అంతే. డ్రాయింగ్‌లో 8 అంటే ఇటుక కాకుండా 8. పాదం మీద కూడా బయట వైపు ఆ ఇటుక కూర్చోవడానికి చోటు ఉండాలి, ఉన్న అంచు సరిపోతుందో లేదో మీ ఇంజనీర్‌ను అడిగి, చాలకపోతే పాదం వేయకముందే పెంచుకోండి. ఇప్పటికే పాదం పోసేసి ఉంటే మాత్రం ఈ ఆలోచన ఇక్కడితో ఆపేయండి, మట్టి మీద కూర్చున్న ఇటుక ఒక వాన పడగానే కిందికి దిగుతుంది.

టైలు కొనక్కర్లేదు. జీఐ (జింకు పూత వేసిన ఇనుము) కడ్డీ లావుపాటిది తెచ్చి, ఒక కొస ఇటుక జాయింట్‌లో పడుకునేలా, ఇంకో కొస కాంక్రీట్ మధ్యలోకి వెళ్లి కొక్కెంలా వంగేలా చేయించండి. అడ్డంగా రెండడుగులకు ఒకటి, నిలువుగా అడుగుంపావుకు ఒకటి, పై వరసవి కింది వాటి మధ్యలోకి వచ్చేలా. అమెరికాలో రెండు ఇటుక పొరల మధ్య కమ్మీ పెట్టి జారు కాంక్రీట్ లాంటి గ్రౌట్ నింపే గోడలకు దాదాపు ఇదే కొలత వాడతారు. జీఐ కాకుండా మామూలు ఇనుము పెట్టకండి, బయటి ఇటుకలో తడి చేరుతుంది, తుప్పు ఉబ్బి ఇటుక ముఖం పగిలిపోతుంది.

ఇక పడదు అన్న మాట. పక్కాయన చెప్పింది పూర్తిగా కొట్టిపారేసేది కాదు. బట్టీలో కాలిన మట్టి ఇటుక బయటికి వచ్చాక గాల్లో తేమ పీల్చుకుని కొద్దిగా ఉబ్బుతుంది, మళ్లీ తగ్గదు. కాంక్రీట్ ఆరేకొద్దీ కుంచించుకుంటుంది. ఒకటి సాగుతుంటే ఇంకొకటి ముడుచుకుంటుంది, రెండూ అతుక్కుని ఉన్నాయి కాబట్టి ఎక్కడో ఒకచోట పగులు తప్పదు. ఇటుక ఉబ్బడంలో ఎక్కువ భాగం మొదటి వారాల్లోనే జరిగిపోతుంది, అందుకని బట్టీ నుంచి నిన్న దిగిన ఇటుక వాడకండి, లోడు తెప్పించి సైట్‌లో కొన్నాళ్లు పడేయండి. 45 అడుగుల పొడవులో నడిమధ్యన ఇటుకలో ఒక నిలువు జాయింట్ వదిలి సీలెంట్‌తో నింపండి, పగులు వచ్చేదుంటే అక్కడ వస్తుంది. అమెరికాలో ఆ ఒక అంగుళం ఖాళీ వదిలేది వాన నీళ్లు కిందికి దిగిపోవడానికే అయినా, ఇటుక తన పాటికి తాను కదలడానికి కూడా పనికొస్తుంది. మీరు ఆ ఖాళీని కాంక్రీట్‌తో నింపేస్తున్నారు కాబట్టి ఈ జాగ్రత్త తప్పదు.

నిజం చెప్పాలంటే నా సొంత ఇల్లయితే మామూలుగా షీట్లు పెట్టి గోడ పోసి, టైలు బయటికి వదిలి, తర్వాత తీరిగ్గా ఇటుక కట్టించుకుంటా. మీ పద్ధతిలో ఇటుక కట్టి మూడు రోజులైనా ఆగాలి, తర్వాత పోత, మళ్లీ ఇటుక. నాలుగు పోతలకు మూడు వారాలు సులువుగా పడుతుంది, ఒక వైపు సెంట్రింగ్ మిగిలినా మేస్త్రీ అన్ని రోజులు మీ సైట్ కోసం కాచుకుని ఉండాలి. కానీ మీకు సెంట్రింగ్ దొరకడం లేదంటున్నారు కాబట్టి ఇది చేయదగ్గ పనే.


తాడిపత్రి_బండలు:

ఇటుకే ఎందుకు అన్నా? మన దగ్గర బండలకు కొదవా? మా వైపు చేల గట్ల మీద, ఇళ్ల చుట్టూ బండలు నిలబెట్టేసి దాన్నే గోడ అనుకుంటాం. బేతంచర్ల బండో, కడప నల్ల బండో బయట వైపు నిలబెట్టి లోపల కాంక్రీట్ పోస్తే జాయింట్లు తక్కువ, పాలు కారవు, పని కూడా తొందరగా అవుతుంది.


బేల్దారి_ప్రొద్దుటూరు:

అన్నా, బండ నిలబెట్టడం వేరు, బండ మీదికి కాంక్రీట్ తోయడం వేరు. ఇటుక అయితే నీళ్లు పీల్చి కాంక్రీట్‌ను పట్టుకుంటుంది, నున్నటి బండ పట్టుకోదు. చేనులో నిలబెట్టిన బండ కింద పడితే మళ్లీ లేపుతాం, ఏడడుగుల ఎత్తులోంచి సందులో పోయేవాళ్ల మీద ఊడిపడితే? ఒక్కో బండకు నాలుగు బొక్కలు వేసి స్టీలు పిన్నులు పెట్టాలి, సగం బండలు ఆ బొక్కలు వేసేటప్పుడే పగులుతాయి. బండ ముచ్చట ఉంటే గోడ అయ్యాక పిన్నులతో పెట్టించుకో, సెంట్రింగ్‌గా మాత్రం వద్దు.


కొత్తిల్లు_అనంతపురం:

పాదం ఇంకా వేయలేదు సార్, బతికిపోయా. రేపే ఇంజనీర్‌తో మాట్లాడి అంచు పెంచమంటా. చివరిగా నీళ్ల సంగతి. మాకు వాన తక్కువే కానీ పడితే ఒక్క రాత్రిలో కుమ్మేస్తుంది. మట్టి వెనక నీళ్లు నిలిస్తే? ఇంకా మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఇటుక మీద తెల్లగా పేరుకుంటుందని భయం.


సైట్_ఇంజనీర్_కర్నూలు:

నీళ్లు నిలిస్తే గోడ మీద తోపు మట్టి ఒక్కదాని కంటే చాలా ఎక్కువ అవుతుంది, పడిపోయే రిటైనింగ్ గోడల్లో ఎక్కువ భాగం పడేది వానాకాలంలోనే. మూడంగుళాల పీవీసీ పైపులు ఐదడుగులకు ఒకటి, కింద ఒక వరస, మధ్యలో ఒక వరస, సందు వైపు కొద్దిగా వాలుగా పెట్టండి. ఇవి ఇటుకలోంచి కూడా బయటికి రావాలి. ఇటుక దగ్గర ఆగిపోతే నీళ్లు ఇటుకకూ కాంక్రీట్‌కూ మధ్య తిరుగుతాయి, అప్పుడు మీ పక్కాయన జోస్యం నిజమవుతుంది. పైపు బయటి కొస ఇటుక ముఖం కంటే ఒక అంగుళం ముందుకు పొడుచుకు రానివ్వండి, లేదంటే ఎర్రమట్టి నీళ్లు ఇటుక మీదుగా జారి చారలు పడతాయి. మట్టి వైపు పైపు మూతికి నీళ్లు వదిలి మట్టిని ఆపే జియో గుడ్డ చుట్టి, గోడ పొడవునా అడుగు మందాన కంకర నింపి, ఆ తర్వాతే మట్టి తోలండి. షీట్లు విప్పాక మట్టి వైపు ముఖానికి, ముఖ్యంగా పోతకూ పోతకూ మధ్య అతుకుల దగ్గర, వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు కొట్టించండి. నాలుగు పోతలంటే మూడు అతుకులు. ప్రతిదాన్నీ మర్నాడు వైర్ బ్రష్‌తో గరుకు చేసి, కడిగి, సిమెంట్ పాలు చల్లాకే పైది పోయాలి.

ఉప్పు నీళ్లు కాంక్రీట్‌కు వాడేముందు టెస్ట్ చేయించండి. ఆర్‌సీసీకి క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని ఐఎస్ 456లో ఉంది. దాటితే ట్యాంకర్ తెప్పించుకోవడమే. ఇటుక మీద తెల్లపొడి కొంత వస్తుంది, కంగారు పడి వెంటనే యాసిడ్ కొట్టకండి, పొడి బ్రష్‌తో దులిపి ఒకటి రెండు వానలు చూడండి.


బేల్దారి_ప్రొద్దుటూరు:

ఇంకోటి అన్నా, పోసేటప్పుడు వైబ్రేటర్ సూదిని ఇటుకకు తగలనివ్వకు, కమ్మీకీ ఆనించకు, నడిమధ్యన నిలువుగా దించి మెల్లగా తియ్యమను. రెండడుగులూ ఒకేచోట గుమ్మరించకుండా 45 అడుగుల పొడవునా అడుగు పోసుకుంటూ పోయి, ఆ కొస నుంచి మళ్లీ మొదటికి వచ్చి రెండో అడుగు పోస్తే కిందిది ఈలోపు కొంచెం బిగుసుకుంటుంది, ఇటుక మీద తోపు తగ్గుతుంది. బయట తూకం గుండు వేలాడదీసి పెట్టుకో, గోడ పొట్ట వస్తుంటే దారానికీ ఇటుకకూ మధ్య సందు తగ్గుతూ కనపడుతుంది, అక్కడ పోయడం ఆపి బాదు బిగించు. ఇటుక జాయింట్లు అర అంగుళం లోపలికి గీకి వదిలెయ్, పాయింటింగ్ (జాయింట్లు మాలుతో నింపడం) మొత్తం గోడ అయ్యాకే, లేదంటే కారిన పాలతో అది కూడా పాడవుతుంది.


కొత్తిల్లు_అనంతపురం:

బాగుంది అన్నా. నువ్వు ప్రొద్దుటూరు దాటి పనికి వస్తావా? వస్తానంటే ఇన్‌బాక్స్‌లో పలకరించు, ఇక్కడి మేస్త్రీ ఇటుక కిటికీలు వదలమంటేనే నవ్వుతున్నాడు.


బేల్దారి_ప్రొద్దుటూరు:

ఒప్పుకున్న ఇల్లొకటి స్లాబ్ లెవెల్‌లో ఉంది, అది అయ్యాక వస్తా. అప్పటికి పాదం వేయించి, ఇటుక లోడు తెప్పించి పెట్టుకో, అది ఎట్లా అయినా కొన్నాళ్లు ఆరాల్సిందే కదా.